రణరంగపు రేడియోనుండి ఊరి రేడియోవరకు

అనంతసాగరమునకు ఉత్తరమున ఉదయగిరి దుర్గము, తూర్పున ఆత్మకూరు, పడమట వెలిగొండలు. 1514వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి ఉదయగిరిని గెలుచుకొనిన వృత్తాంతము ఈ ప్రాంతమున అక్షరములు రానివారికిని తెలిసినదే. దుర్గమును ముట్టడించిన వీరుల పేర్లు చరిత్రలో నిలిచినవి. ముట్టడి సాగినంతకాలము కత్తులు సానబట్టినవారిని, విరిగిన బండియిరుసులు సరిచేసినవారిని తలచుకొనువారు లేరు. అయినను ఆ కమ్మరికి యుద్ధము ముగిసిన మరునాడు బ్రదుకుతెరువు వెదకుకొన పనిలేకుండెను. అదే కొలిమి, అదే దాగలి, అదే సుత్తి. నిన్న బల్లెపుమొన కాచిన నిప్పులోనే నేడు నాగలికర్రు కాచుకొనును.

ఇరువదవ శతాబ్దమున యుద్ధము తెచ్చిన క్రొత్తవృత్తి యొకటి ఈ సులువునకు లొంగలేదు. రేడియో, రాడారు మొదలైన ఎలక్ట్రానిక్ పరికరములను బాగుచేయు వృత్తి యది. దానిని నేర్చిన జవాను ఇంటికి తిరిగివచ్చునప్పటికి ఊరిలో అతనికి కొలిమి లేదు. అతడు బాగుచేయగల యంత్రము ఊరిలో లేదు; ఉన్న పట్టణములలో అతని పనితనమునకు పేరు లేదు. ఆ విద్య పౌరజీవనమున ఎట్లు వేరూనెనో, ఎచట వేరూనలేకపోయెనో తెలిసికొనుట, బిడ్డలను సైన్యమునకు పంపు మెట్టగ్రామములవారికి కేవలము ప్రొద్దుపుచ్చు ముచ్చట కాదు.

ఈ కథకు మొదటి ప్రకరణము నెల్లూరుసీమ నేలలోనే యున్నది. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతములలో అభ్రకపు నిక్షేపములు కలవు. కలిచేడు, సైదాపురము మొదలగు చోట్ల పందొమ్మిదవ శతాబ్దపు చివరినుండి గనులు త్రవ్వుచుండిరి. నెల్లూరు అభ్రకమునకు పచ్చనిచాయ యుండును; దేశాంతరములందలి వర్తకులు దానిని ఆ చాయనుబట్టియే గుర్తించెడివారు. అభ్రకము వేడికి చెడదు, విద్యుత్తును పారనీయదు, పల్చని పొరలుగా విడివడును. అందుచేత రేడియో కండెన్సరులలో లోహపురేకుల నడుమ నుంచుటకును, వాల్వులోపలి సన్నని భాగములు కదలకుండ పట్టియుంచుటకును దానికి సాటివచ్చు పదార్థము ఆనాడు అరుదు. రెండవ ప్రపంచయుద్ధమున అభ్రకము అత్యవసరమైన యుద్ధసామగ్రిగా లెక్కకు వచ్చెను. 1942లో బ్రిటను, అమెరికా దేశములు భారతదేశపు అభ్రకమును కొనుటకై ఉమ్మడి ఏర్పాటు చేసికొనెను. గనినుండి తీసిన పలకలను గీకి, కత్తిరించి, రకములుగా ఏరిన చేతులలో స్త్రీల చేతులును కలవు. ఎడారిలో నొక టాంకు లోపల రేడియో పలికినదనినచో దాని గుండెలో నెల్లూరు మెట్టనేల తునకయో, బీహారు గనుల తునకయో యుండుట వింతగాదు. అయితే ఆ అభ్రకమును కత్తిరించినవారిలో అది చేరిన పెట్టెను కంటితో చూచినవారు ఎందరుందురు?

ఆ పెట్టెను విప్పి చూచు అవకాశము సైన్యమున చేరిన యువకులకు దక్కెను. 1939లో రమారమి 2 లక్షలుగా నున్న భారతసైన్యము 1945 నాటికి 25 లక్షలకు పెరిగెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేయుటతో తెలుగుతీరమునకు యుద్ధము గుమ్మములోనికి వచ్చినట్లయ్యెను. మోటారులు, ఫిరంగులు, రేడియోలు వేలకొలది వచ్చిపడగా, వానిని బాగుచేయుట ఆయుధములు నిలువచేయు దళమునకు ప్రక్కపనిగా నుండుట చాలదని తేలెను. 1943లో మరమ్మతులకై ప్రత్యేకదళము వెలసెను. దానినే సైన్యమున ఇ.ఎం.ఇ. అందురు. వైమానికదళమునకును, నౌకాదళమునకును వేరువేరు నిపుణులు తయారగుచుండిరి. యుద్ధానంతరము 1949లో బెంగుళూరు చెంత జాలహళ్లిలో వైమానికదళపు సాంకేతిక కళాశాల నెలకొనెను. జామ్‌నగరులోని వల్సూరా నావికులకు విద్యుచ్ఛాస్త్రము నేర్పు బడి అయ్యెను.

ఆ కాలపు రేడియోసెట్లలో ‘19వ నంబరు సెట్టు’ అనునది పేరుమోసినది. అది టాంకులలో నుంచుటకై బ్రిటనులో రూపొందినది. కెనడా, అమెరికాలలోను తయారయ్యెను. రష్యాకు పంపవలసియుండుటచే కొన్నిటి ముఖముమీద ఇంగ్లీషు అక్షరముల ప్రక్కన రష్యా అక్షరములు కూడ ముద్రించిరి. మోటారుబాటరీతో నడచు ఆ పెట్టెలో దూరపుమాటలకొక యంత్రము, ప్రక్కటాంకుతో మాటాడుటకొక యంత్రము, టాంకులోనివారు తమలో తాము మాటాడుకొనుటకొక యంత్రము, మూడును ఇమిడియుండెడివి. దానిని బాగుచేయ నేర్చినవాడు రేడియోశాస్త్రమున సగము చదివినట్లే. మిగిలిన సగమును పుస్తకమున వెదకుకొనవలసినదే. సైనికశిక్షణమున ‘ఇది చెడినచో అది మార్చుము’ అని చెప్పుటయే మిక్కిలి; ఎందుకు చెడునో చెప్పుటకు వ్యవధి చాలదు.

ఇంతకును మరమ్మతుపని యనగా నేమి? సెట్టు విప్పి కనబడినదెల్ల మార్చుట మరమ్మతు కాదు. చెరువు తూమునుండి విడిచిన నీరు చివరిమడికి చేరలేదని రైతు ఎరుగును. తూమునుండి మడివరకు కాలువగట్టు అడుగడుగున పరీక్షించువాడు తెలివితక్కువవాడు. తెలిసినవాడు నేరుగా కాలువ నడుమకు పోయి చూచును. అక్కడ నీరున్నచో గండి క్రిందిసగములో నున్నది, లేనిచో పైసగములో నున్నది. మరల ఆ సగమును సగము చేయును. రేడియోలోను అంతే. ఏరియలువద్ద ప్రవేశించిన సంకేతము ఎనిమిది దశలు దాటి స్పీకరులో శబ్దముగా వెలువడవలసియున్న సెట్టులో, మూడుచోట్ల మీటరు పెట్టినంతమాత్రమున ఏ దశ మూగవోయినదో తేలిపోవును. అటుపిమ్మట వాల్వా, కండెన్సరా, ఊడిన టంకమా అని చూచుట కొద్దిపని. ఈ పద్ధతికి పరికరము పేరుతో పనిలేదు. రేడియో పోయి రాడారు వచ్చినను, రాడారు పోయి కంప్యూటరు వచ్చినను ఇదియే పద్ధతి. సైన్యమును విడిచివచ్చు మెకానిక్కు సెట్టును వెంటతెచ్చుకొనలేడు, దాని రహస్యములు బయట చెప్పరాదు, చెప్పినను పదియేండ్లకు అవి చెల్లని నాణెములు. అతనితో ఇల్లు చేరునది ఈ వెదకు పద్ధతి యొక్కటే.

సైన్యమున ఈ పని మెట్లుమెట్లుగా సాగును. దళమువెంట నడచు చిన్నజట్టు తీగె తెగినచో అతుకును, వాల్వు కాలినచో మార్చును. అంతకు మించినది యుద్ధభూమికి వెనుక నుండు వర్కుషాపునకు పంపుదురు. అచటను సాధ్యము కానిది పెద్ద కార్ఖానాకు చేరును. ఆగ్రాలోని 509వ నంబరు సైనిక వర్కుషాపు ఎలక్ట్రానిక్ పరికరములకు అట్టి పెద్ద కార్ఖానాలలో నొకటి. ఏ మెట్టుననైనను చేసినపని చేసినట్లు చిట్టాలో వ్రాయవలెను. ఏ భాగము తీసిరో, ఏ భాగము వేసిరో లెక్క తేలవలెను. చిట్టా వ్రాయుట విసుగుపనియని జవానులు గొణుగుకొనెడివారేమో కాని, తరువాతికాలమున ఆస్పత్రులలోను, విమానాశ్రయములలోను వారికి ఎక్కువగా అక్కరకు వచ్చినది ఆ యలవాటే.

1945లో యుద్ధము ముగిసెను. లక్షలాది సైనికులను ఇండ్లకు పంపవలసివచ్చెను. ఆ సంవత్సరము జూలైలో కేంద్రప్రభుత్వము సైనికుల పునరావాసమునకును ఉద్యోగకల్పనమునకును ఒక ప్రత్యేకశాఖను స్థాపించెను. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలు వ్యాపించినవి ఈ శాఖ క్రిందనే. నిరుద్యోగులైన పట్టభద్రులు బారులుతీరి పేర్లు వ్రాయించుకొనిన ఆ కార్యాలయములు మొదట యుద్ధమునుండి మరలివచ్చిన జవానులకొరకును, యుద్ధపు కార్ఖానాలలో పని పోయిన కార్మికులకొరకును పుట్టినవని నేడు ఎరిగినవారు కొలదిమంది. 1948లో వాని తలుపులు అందరికిని తెరచిరి. యుద్ధకాలమున నిపుణులను త్వరగా తయారుచేయుటకు నడపిన శిక్షణకేంద్రములు మాజీసైనికులకు వృత్తులు నేర్పు కేంద్రములై, 1950లో చేతివృత్తుల శిక్షణపథకముగా రూపుదాల్చెను. ఇప్పటి ఐ.టి.ఐ.లకు పునాది యది. ఎక్స్ఛేంజీల పాలన రాష్ట్రముల చేతికి వచ్చినది 1956 నవంబరు 1వ తేదీన, అనగా ఆంధ్రప్రదేశ్ అవతరించిన నాడే. ఆత్మకూరు పిల్లవాడు ఐ.టి.ఐ.లో మీటరు పట్టుకొనుట నేర్చినాడన్న, దాని వెనుక బర్మా అడవులనుండి తిరిగివచ్చిన సిపాయిల సమస్య యొకటి యున్నదన్నమాట.

ఎక్స్ఛేంజీలో పేరు వ్రాయించుకొనుట సులభమే. పని దొరకుట వేరు. 1940లలో పల్లెసీమలకు విద్యుత్తు లేదు. రేడియో జమీందారుల మేడలలోను, పట్టణములందలి హోటళ్లలోను వినబడెడిది. అయితే మదరాసు ప్రభుత్వము మాత్రము ముందుచూపుతో గ్రామములలో పదిమంది చేరి వినుటకై సామూహిక రేడియోలు నెలకొల్పుచుండెను. మదరాసు కేంద్రము 1938 జూన్ 16వ తేదీన, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రసారములు ప్రారంభించెను. పంచాయతీ అరుగుమీదనో, గ్రంథాలయపు బల్లమీదనో నిలిచిన ఆ సెట్టు, కరెంటు లేనిచోట ఎండుబాటరీలతో నడచెడిది. వాల్వుల తీగెలను వేడిచేయుటకొక బాటరీ, 90 వోల్టులకొక పెద్దబాటరీ. బాటరీ తీరినను, వాన వెలిసిన తరువాత చెమ్మపట్టినను సెట్టు మూగవోయెడిది. దానిని బాగుచేయువాడు రావలెను. సైన్యమున రేడియో నేర్చినవాడు పౌరజీవనమున పనికివచ్చిన మొదటిచోట్లలో ఇట్టి సెట్టు ఎదుటిచోటు ఒకటి. పోలీసు వైర్లెస్సు మరియొకటి. సిగ్నలుదళమున తర్ఫీదైనవానికి అది పుట్టినిల్లువంటిది. అచటను నియమములే, అచటను చిట్టాయే. తుపానులకు టెలిఫోనుస్తంభములు పడిపోవు తీరజిల్లాలలో ఆ వైర్లెస్సు విలువ ఏపాటిదో ప్రజలు పలుమార్లు చూచిరి.

స్వంతముగా దుకాణము తెరచుకొనువారి పాట్లు వేరు. వర్కుషాపులో ఏ భాగము కావలసినను ఇండెంటు వ్రాసినచో చాలును. సెట్టుయొక్క పటము గోడమీద నుండును. పరీక్షించు పరికరములు బల్లమీద నుండును. బాగుచేయుటకు ఎంత యగునని అడుగువాడుండడు. దుకాణములో ఈ నాలుగును తలక్రిందులు. పటము లేని జర్మనుసెట్టు, దొరకని వాల్వు, మూడురూపాయలకన్న ఇయ్యనని బేరమాడు ఆసామి. యుద్ధానంతరము ప్రభుత్వము మిగులుసామగ్రిని వేలము వేయుటచే పాతభాగములు కొంత చౌకగా బజారుకెక్కెను. నెల్లూరువారు భాగములకై రైలెక్కి మదరాసు పోవలసినదే. అచట పాతసామానులకు ప్రసిద్ధమైన మూరుమార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతి అయ్యెను. రిచీవీధి మాత్రము ఎలక్ట్రానిక్ వస్తువులకు నేటికిని పేరుపొందియున్నది. కంటికి కనబడని దోషమును పట్టుకొనుటకు మూడేండ్లు తర్ఫీదు పొందినవాడు, ‘తీగె యొకటి అతికినందుకు ఇంత డబ్బా?’ యను మాటకు జవాబు చెప్పుట ఏ బడిలోను నేర్వలేదు. దుకాణములు మూతబడుటకు విద్యలోపముకన్న ఈ జవాబు తెలియకపోవుటయే ఎక్కువ కారణమై యుండును.

దేశమున ఎలక్ట్రానిక్ పరిశ్రమ లేనంతకాలము ఈ నిపుణులకు స్థిరమైన చోటు దొరకలేదు. ఆ చోటు ఏర్పడుట 1950లలో మొదలై, తెలుగువారికి ముఖ్యముగా హైదరాబాదులో కుదురుకొనెను. 1953లో సికిందరాబాదు తిరుమలగిరిలో ఇ.ఎం.ఇ. పాఠశాల వెలసెను. అదియే పెరిగి సైనిక ఎలక్ట్రానిక్, మెకానికల్ ఇంజనీరింగు కళాశాల అయ్యెను. 1954లో బెంగుళూరున భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ సైన్యముకొరకు స్థాపితమయ్యెను. సైన్యముకొరకు పుట్టిన ఆ కార్ఖానాయే 1961లో రేడియోవాల్వులను, 1964లో ఆకాశవాణికి ట్రాన్స్‌మిటరులను చేయసాగెను. ఒకే కప్పుక్రింద రణమునకును, గృహమునకును పరికరములు తయారగుట ఇది. మచిలీపట్టణమున 1926లో వెలసిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో ఇందులో విలీనమయ్యెను.

1962లో చైనాతో జరిగిన యుద్ధము మన కొరతలను బయటపెట్టెను. ఎలక్ట్రానిక్ పరికరములకై పరదేశములవైపు చేయిచాచవలసియుండుట ఎంత అపాయమో తెలిసి, 1963లో ప్రభుత్వము డాక్టరు హోమీ భాభా అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. అందలి సభ్యులలో తెలుగువారు ఇద్దరుండుట గమనింపదగినది. ఒకరు రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగా నుండిన సూరి భగవంతం. రెండవవారు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు. 1956లో ట్రాంబేలో పనిచేయ నారంభించిన అప్సర అణురియాక్టరునకు నియంత్రణ పరికరములను సమకూర్చిన బృందమునకు నాయకుడు సాంబశివరావే. 1967 ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., ఆయన చేతులమీదుగా వెలసెను. ఆ ప్రాంతమున నొక నగరభాగము నేటికిని ఆయన పేరుతోనే వ్యవహృతమగుచున్నది. 1965లో విమానములలోని ఎలక్ట్రానిక్ సామగ్రిని చేయుటకు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ శాఖ, అదే దశాబ్దమున రక్షణశాఖవారి ఎలక్ట్రానిక్స్ పరిశోధనాలయము కూడ హైదరాబాదునకు వచ్చెను. ఇట్లు సికిందరాబాదు తిరుమలగిరి ద్వారము దాటి బయటకు వచ్చిన మెకానిక్కునకు, కొన్ని మైళ్లలోనే తన విద్యను అర్థము చేసికొను కార్ఖానాలు దొరకసాగెను. ఒక వృత్తి నిలుచుటకు ఇట్టి ఇరుగుపొరుగు కావలెను.

ఆ కార్ఖానాలలో తయారైన వస్తువు పల్లెకు చేరిన ఘట్టము 1975లో వచ్చెను. ఆ సంవత్సరము ఆగస్టు 1వ తేదీనుండి ఒకయేడు అమెరికా ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు ప్రసారమయ్యెను. ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగుకార్యక్రమములు నేరుగా ఆకాశమునుండి గ్రామములకు దిగెను. గ్రహించు సెట్లను చేసినది ఇ.సి.ఐ.ఎల్. కోళ్లగూటికి కట్టు ఇనుపవలవంటి వలతో చేసిన మూడుమీటరుల గొడుగు, దానిక్రింద ఒక పెట్టె, అంతే. పట్టణపు గాజుటద్దాల దుకాణమున పెట్టినచో ఎవ్వరును కొనని రూపము. కాని దుమ్ములోను, ఎండలోను, బడిపిల్లల చేతులలోను పడియుండియు అది పనిచేయవలెను. చెడినచో ప్రసారవేళకు ముందే బాగుకావలెను. దుమ్ములో నలిగి, తొందరగా బాగుపడి, మరల నిలువవలసిన పరికరము యుద్ధభూమికి క్రొత్త కాదు. ఆ మెలకువ ఇన్నాళ్లకు పల్లెకు కావలసివచ్చెను.

సైన్యము వలదన్నది పౌరులకు వరమైన ముచ్చట యొకటి ఇచట చెప్పుకొనదగియున్నది. యుద్ధకాలమున రాడారుతెరమీద శత్రువిమానము వెదకువారికి వానమబ్బు పెద్ద బెడద. మబ్బునుండి మరలివచ్చు ప్రతిధ్వని తెరనంతయు ముసిరి విమానమును మరుగుపరచెడిది. దానిని తొలగించుటెట్లని సైనికులు తలపట్టుకొనగా, ‘మాకు కావలసినది అదియే’ అని వాతావరణశాస్త్రజ్ఞులు ముందుకు వచ్చిరి. అటుపిమ్మట యుద్ధపు రాడారులే తుపానుల జాడతీయు కండ్లు అయ్యెను. మన తూర్పుతీరమున తుపానులను కనిపెట్టు రాడారు 1970లో విశాఖపట్టణమున నెలకొల్పబడెను. సైన్యమున రాడారు ఎదుట కూర్చుండి మబ్బును తిట్టుకొనినవాడు, వాతావరణశాఖలో అదే మబ్బును వెదకు పనికి సరిపోవును.

నెల్లూరువారికి దీనికన్న దగ్గరి యుదాహరణము శ్రీహరికోట. నాడు నెల్లూరు జిల్లాలోనుండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన ఆ దీవినుండి 1971 అక్టోబరు 9వ తేదీన మొదటి రాకెట్టు ఎగిరెను. రాకెట్టును వెన్నంటి చూచు రాడారులు, దానితో మాటాడు రేడియోలు, అన్నియు యుద్ధపు విద్యకు తోబుట్టువులే. బ్రిటిషు వైమానికదళమున రాడారు నిపుణుడుగా పనిచేసిన ఆర్థరు క్లార్కు, 1945లో నొక రేడియో పత్రికలో, భూమితోపాటు తిరుగుచు ఒకేచోట నిలిచినట్లు కనబడు ఉపగ్రహముల ద్వారా ప్రపంచమంతట వార్తలు పంపవచ్చునని వ్రాసెను. ఆనాడు నవ్వినవారుందురు. ఆ కక్ష్యకు పోవు ఉపగ్రహములు నేడు శ్రీహరికోటనుండియే బయలుదేరుచున్నవి.

ఇంతవరకు తెరచుకొనిన తలుపుల సంగతి. మూసియున్నవానిని గూర్చి కూడ చెప్పక తీరదు. సైనికుడు ముప్పదియైదు, నలువది యేండ్లకే పింఛనుపొంది బయటకు వచ్చును. పిల్లల చదువులు అప్పుడే మొదలగును. కేంద్రప్రభుత్వము 1979లో చేసిన నియమములనుబట్టి గ్రూపు ‘సి’ ఉద్యోగములలో నూటికి 10, గ్రూపు ‘డి’ ఉద్యోగములలో నూటికి 20 మాజీసైనికులకు కేటాయింపబడెను. 1986లో మరియొక సదుపాయము కలిగెను. పదవతరగతి ప్యాసై 15 ఏండ్లు సేవచేసినవానిని, పట్టము కావలసిన గ్రూపు ‘సి’ ఉద్యోగములకును అర్హునిగా ఎంచవచ్చుననిరి. ఇది మేలే. కాని ఇందులో నొక మెలిక కలదు. సాంకేతికానుభవము తప్పనిసరియైన ఉద్యోగములకు ఈ సదుపాయము వర్తింపదు. పదునైదేండ్లు రాడారు బాగుచేసినవాడు ఈ వెసులుబాటుతో గుమాస్తా కావచ్చును. ఎలక్ట్రానిక్ పరికరములు బాగుచేయు ఉద్యోగమునకు మాత్రము వేరే డిప్లొమా చూపవలెను! నియమము వ్రాసినవారి యుద్దేశము చెడ్డదికాదు. చేతిలోని విద్యను కాగితముమీద కొలుచుట ఎంత కష్టమో ఇది చూపుచున్నది.

ఈ కొలతకై ప్రయత్నములు జరుగకపోలేదు. సైనికవృత్తులు ఏయే పౌరవృత్తులకు సమానమో తెలుపు పట్టికలు వెలువడినవి. సికిందరాబాదు కళాశాలలోని ఇంజనీరింగు చదువులకు ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము పట్టములు ప్రదానము చేయుచున్నది. అధికారులకు దీనివలన కలిగిన మేలు ఎక్కువ, మెకానిక్కునకు తక్కువ. పట్టికను చదివి యెరిగిన కార్యాలయము దొరకినవాడు అదృష్టవంతుడు. దొరకనివాడు బ్యాంకు వాకిట తుపాకి పట్టుకొని నిలిచెను. కావలికాయుట హీనమైన పనికాదు. కాని లోపల చెడిపోయిన యంత్రము ముందు నలుగురు గుమిగూడి కంపెనీ మనిషికై ఎదురుచూచుచుండగా, దానిని బాగుచేయగలవాడు గుమ్మమువద్ద నిలిచియుండుట దేశమునకు నష్టము. ఆ నష్టమునకు లెక్క వ్రాయు చిట్టా ఏ కార్యాలయమునను లేదు.

మరమ్మతువిద్యయు మారెను. వాల్వు పోయి ట్రాన్సిస్టరు వచ్చెను. ట్రాన్సిస్టరులు వేలు, లక్షలుగా గోరంత చిప్పలోనికి ఒదిగెను. విప్పి చూచుటకు వీలులేని వస్తువును బాగుచేయరు, పలకను తీసి క్రొత్తపలక పెట్టుదురు. సైన్యమునను ఇదే, బయటను ఇదే. పలక మార్చుట మాత్రమే నేర్చినవాని విద్య ఆ పరికరముతోడనే ముగియును. ఆ పలకలో సంకేతము ఏ త్రోవన పోవుచున్నదో ఎరిగినవాడు ఆస్పత్రిలోని స్కానింగు యంత్రమువద్దను, సెల్‌ఫోను స్తంభమువద్దను నిలువగలడు. ఈ భేదము శిక్షణశాలలో కొంత, రాత్రివేళ తెరచిన పుస్తకములో కొంత ఏర్పడును. జవానుల బారకాసులలో దీపములార్పు వేళ మొదటినుండియు కచ్చితమైనదే. చదువుకొనినవారు దానికి ముందో, సెలవులకు వచ్చి ఊరి గ్రంథాలయములోనో చదువుకొనిరి.

2022 జూన్ మాసమున కేంద్రప్రభుత్వము అగ్నిపథమను క్రొత్తపద్ధతిని ప్రకటించెను. ఇందు చేరినవారి సేవ నాలుగేండ్లు. నూటికి 25 మందిని మించకుండ తరువాతను నిలుపుకొందురు. తక్కినవారు ఇరువది దాటిన ప్రాయముననే, పింఛను లేకుండ, కొంత సొమ్ముతోను నైపుణ్యపత్రముతోను బయటకు వత్తురు. పదునైదేండ్ల యనుభవము గల పాతకాలపు మెకానిక్కునకే కాగితముమీద కొలత దొరకకపోయినప్పుడు, నాలుగేండ్లలో శిక్షణకాలము పోను మిగిలిన యనుభవమునకు ఏ కొలత దొరకునో చూడవలసియున్నది. వయస్సు మాత్రము వీరి పక్షమున నున్నది. ఐ.టి.ఐ.లోను, పాలిటెక్నిక్కులోను చేరుట నలువదియేండ్లవానికన్న ఇరువదిరెండేండ్లవానికి సులువు. గుంటూరు రిక్రూటింగు కార్యాలయము నెల్లూరు యువకులను సైన్యమునకు ఎంపికచేయు కార్యాలయము. ఈ పద్ధతిక్రింద 2022 చివరను, 2023 మొదటను శిక్షణకు చేరిన మొదటి జట్టులవారికి నాలుగేండ్లు 2026 చివరను, 2027 మొదటను నిండును.